కోసి ఇంట్లో నేను పారబోసిన కుండ

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి సంవత్సరం, జూన్ నెల. మలేరియా విభాగంలో సబ్ యూనిట్ ఆఫీసర్‌గా భద్రాచలానికి ఇవతలి అడవి మండలంలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చి నాకు అప్పటికి రెండేళ్ళు దాటింది. మా హోదా గురించి బయటివాళ్ళకు పెద్దగా తెలియదు. పైన జిల్లా మలేరియా అధికారి, ఆయన కింద సహాయ అధికారి, ఆ తర్వాత మేము. మా కింద హెల్త్ సూపర్‌వైజర్లు, వాళ్ళ కింద ఊరూరూ తిరిగే హెల్త్ అసిస్టెంట్లు. కేసులు పెరిగితే పైవాళ్ళు మమ్మల్ని తిడతారు, స్ప్రే వాసనకు ఊళ్ళవాళ్ళు తిడతారు. వైరా కాలువ కింద వరిపొలాల మధ్య పుట్టిన నేను ఈ పోస్టింగు ఆర్డరు అందుకున్నప్పుడు బదిలీ ఆపించుకోవడానికి చేయని ప్రయత్నం లేదు. ఏదీ పారలేదు. వచ్చాక మాత్రం పని మీద ఇష్టం కలిగింది, ఆ మాట దాచుకోను.

మా పని చెప్పుకోవడానికి తేలిక. జ్వరం వచ్చిన ప్రతి మనిషి వేలు గుచ్చి గాజు పలక మీద రక్తం తీసుకోవాలి. దాన్ని స్లైడు అంటాం. అక్కడికక్కడే ఫలితం కావాలంటే కిట్ మీద ఒక చుక్క వేస్తే పావుగంటలో గీత పడుతుంది. గీత పడితే రోగి మా కళ్ళ ముందే మొదటి రోజు మాత్రలు మింగాలి. ఏటా రెండు విడతలు ఇళ్ళ గోడలకు మందు కొట్టించాలి. అందుకు ముందు ఇంట్లో సామాను బయట పెట్టించాలి, కొట్టాక గోడ మీద తేదీ రాయాలి. ఇంటి మనిషి లేకుండా గడప దాటకూడదన్నది శిక్షణలో మొదటి రోజు చెప్పే మాట. ఆ మాట నేనే ఎంతమందికి చెప్పానో లెక్క లేదు.

మా పరిధిలో వాగు అవతల ఒక గుంపు ఉండేది. మన వైపు గుంపు అంటే అడవిలో ఇరవై ముప్పై ఇళ్ళ చిన్న ఊరు. అందులోని వాళ్ళు ఛత్తీస్‌గఢ్ నుంచి తుపాకులకు భయపడి రాత్రికి రాత్రి వచ్చినవాళ్ళు. ఎవరి తుపాకులని నేనెప్పుడూ అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. మా రిజిస్టర్లలో గొత్తికోయలు అని రాసేవాళ్ళం. వాళ్ళు మాత్రం మురియాలమని చెప్పుకునేవారు. పక్క ఊళ్ళ కోయలు వాళ్ళతో మాట్లాడతారు గానీ పిల్లనివ్వరు. మిరపకాయల సీజన్లో మేస్త్రీలు ట్రాక్టర్లు పెట్టి జూలూరుపాడు వైపు తీసుకుపోతారు, ఏరడం అయిపోగానే తెచ్చి దింపేస్తారు. ఎవరైనా కొత్త మనిషి వాగు దాటితే చాలు, ఆడవాళ్ళు పిల్లల్ని లోపలికి లాక్కునేవారు. ఏ రోజు లేచి పొమ్మంటారో తెలియని నేల మీద పదేళ్ళ నుంచి కాపురం చేస్తున్నారు.

వాళ్ళకూ మాకూ మధ్య మాట నడిపేది ఆశా కార్యకర్త సమ్మక్క. ఆమెది పక్క ఊరు, కోయ మనిషి. వాళ్ళ భాషకూ ఆమె భాషకూ కొంత తేడా ఉన్నా పని నడిచేది. ఆమె లేకపోతే ఆ గుంపులో నేను మూగవాణ్ణే.

గుంపులో పెద్దవాడు ఉంగయ్య. మిరప చేలల్లో పని చేసి తెలుగు నేర్చుకున్నాడు. అతని భార్య కోసి. నేను మొదటిసారి వెళ్ళిన రోజు ఆమె ఇంటి వెనక గోడకు ముఖం పెట్టి కూర్చుని ఉంది. రెండోసారి వెళ్ళినా అంతే. చెవుడేమో అనుకున్నాను. సమ్మక్క చెప్పింది: వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు మాస. ఇటు వచ్చిన ఏడాదికి, వదిలేసి వచ్చిన ఎడ్లు ఎలా ఉన్నాయో చూసి వస్తానని సొంత ఊరికి పోయాడు. పంతొమ్మిదేళ్ళవాడు. అక్కడే చనిపోయాడని నాలుగు నెలల తర్వాత ఎవరో వచ్చి చెప్పారు. శవాన్ని ఎవరు ఎక్కడ పూడ్చారో తెలియదు. వెళ్ళి వెతికే ధైర్యం ఎవరికీ లేదు. తమ ఊళ్ళో అయితే చావింటికి వంశంవాళ్ళంతా వచ్చి రోజుల తరబడి ఉంటారట. ఇక్కడ ఉంగయ్య వంశంవాళ్ళు ఎవరూ లేరు. కోసి ఒక్కతే ఏడ్చి, ఆ తర్వాత మాట్లాడటం మానేసింది.

ఆమె ఇంటికి మందు కొట్టనివ్వలేదు. నిబంధన ప్రకారం నిరాకరణ అని రాసుకుని వచ్చేయవచ్చు. నాకు అహం అడ్డొచ్చింది. నా సర్వీసులో నిరాకరణ కాలమ్ నింపిన సందర్భాలు చాలా తక్కువని గొప్ప. అందుకని ప్రతి వారం వెళ్ళి ఆ ఇంటి అరుగు మీద కూర్చోవడం మొదలుపెట్టాను. వాళ్ళు సొరకాయ బుర్రలోంచి పోసిన జావ తాగేవాణ్ణి. మొదట్లో అది పనికోసం వేసిన ఎత్తే, తర్వాత అలవాటైంది. ఒకసారి ఉంగయ్యకు చలిజ్వరం వస్తే స్లైడు తీసి, కోసిని కూడా ఆరోగ్య కేంద్రానికి రమ్మన్నాను. మైక్రోస్కోపులో మొగుడి రక్తం చూపించాను. ఉంగరాల్లాంటి ఊదారంగు చుక్కలు. ఆమె చాలాసేపు కన్ను తీయలేదు. తర్వాత సమ్మక్క ద్వారా అడిగింది, ఇవి ఈయనకేనా, నీకూ ఉన్నాయా అని. నా వేలు నేనే గుచ్చుకుని, రంగు వేసి, ఆరబెట్టి చూపించాను. ఏమీ లేవు. దొంగచూపు చూసి ఆమె నవ్వింది. ఆమె నవ్వగా ఉంగయ్య చూసి ఎన్నేళ్ళయిందో అతనే చెప్పలేకపోయాడు.

ఆ తర్వాత ఆ ఇంట్లో నాకు అడ్డు లేదు. మందు కొట్టించాను. దోమతెర కట్టాను. దాహమైతే లోపలికి పోయి నేనే ముంచుకుని తాగేవాణ్ణి. చనువిస్తే నెత్తికెక్కుతారని పిల్లల గురించి అంటాం గానీ, యాభై దాటిన ప్రభుత్వోద్యోగికి కూడా అది వర్తిస్తుంది. వేరే ఊళ్ళకు వెళ్ళినప్పుడు, ఆ గుంపులో నాకొక ఇల్లుందని చెప్పుకునేవాణ్ణి.

ఆ ఏడాది మే నెలలో హెర్నియా ఆపరేషన్ చేయించుకుని మూడు వారాలు సెలవులో ఉన్నాను. తిరిగి చేరేసరికి గుంపులో ఒక డెంగీ కేసు తేలింది. సారపాక వైపు కూలికి పోయి వచ్చిన మనిషి. డెంగీ పాజిటివ్ వస్తే చుట్టుపక్కల ఇళ్ళలో నీళ్ళు నిలవున్న పాత్రలన్నీ పరీక్షించి, దోమపురుగు ఉన్నవాటిని వంపేయాలి. ఎన్ని పాత్రలు చూశాం, ఎన్నింటిలో పురుగు దొరికింది, ఎన్ని వంపాం అని మూడు గడుల ఫారం నింపాలి. శుక్రవారం డ్రై డే, అంటే నీళ్ళ పాత్రలన్నీ ఖాళీ చేసి ఆరబెట్టే రోజు. పదకొండు గంటల్లోపు బోర్లించిన పాత్రల ఫొటోలు జిల్లా వాట్సాప్ గ్రూపులో పడాలి.

ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. మలేరియా దోమ కుండలో పుట్టదు, వాగు అంచున నిదానంగా పారే నీళ్ళలో పుడుతుంది. ఇంట్లో నిలవ నీటిలో పుట్టేది డెంగీ దోమ. అది కూడా గుడ్డు నుంచి దోమ కావాలంటే వారం పది రోజులు పడుతుంది. ఆ గుంపు ఆడవాళ్ళు రోజూ వాగు నుంచి నీళ్ళు తెచ్చుకుని రోజూ కుండలు కడిగేవాళ్ళు. పట్నంలో పనికొచ్చే కార్యక్రమం అక్కడ పెద్దగా పనికిరాదని నాకు తెలుసు. తెలిసీ సర్క్యులర్ వచ్చింది కాబట్టి వెళ్ళాను.

ఆ ఉదయం సమ్మక్క లేదు, కాన్పు కేసుతో భద్రాచలం పోయింది. నాతో హెల్త్ అసిస్టెంట్ వెంకన్న ఉన్నాడు. వానలు పడ్డాయి కాబట్టి గుంపంతా దున్నకాలకు పోయింది. ఇళ్ళ దగ్గర ఒక ముసలమ్మ, కొన్ని కోళ్ళు. వెంకన్న ఎవరైనా వచ్చాక చూద్దామా సార్ అన్నాడు. టైము చూసుకున్నాను, పదిన్నర. మిగతా ఇళ్ళు బయటి నుంచి చూడమని అతనికి చెప్పి, ఈ ఇల్లు మనదేలే అంటూ నేను కోసి ఇంట్లోకి వంగి దూరాను.

నీళ్ళ కుండలు రెండూ కడిగి బోర్లించి ఉన్నాయి. ముచ్చట పడ్డాను. అప్పుడు లోపల, కప్పును మోసే నడి నిట్టాడు దగ్గర ఒక కొత్త కుండ కనిపించింది. మూతికి మోదుగాకు కట్టి ఉంది. అంతకుముందు ఆ కుండ నేను చూడలేదు. ఆకు విప్పి సెల్‌ఫోన్ లైటు వేశాను. సగం వరకు నీళ్ళు. నీళ్ళలో ఏదో కదిలింది.

దోమపురుగు నీళ్ళ పైకి తోక పెట్టి తలకిందులుగా వేలాడుతుంది. వెలుగు పడితే కుదుపు కుదుపుగా కిందికి దిగుతుంది. చేప అలా కదలదు. ఈ తేడా పదో తరగతి పిల్లలకు బడుల్లో బొమ్మలు గీసి చెప్పేవాణ్ణి. పైగా చేప ఉన్న నీళ్ళలో దోమపురుగు బతకదు. పట్నాల్లో మా విభాగమే బావుల్లో గంబూషియా చేపల్ని వదులుతుంది. ముప్పై ఏళ్ళు అదే పని చేసినవాణ్ణి, ఇంకొక్క క్షణం చూస్తే తెలిసేది. చూడలేదు. పాజిటివ్ ఒకటి అని వెంకన్నకు కేకేసి, కుండ ఎత్తుకొచ్చి వాకిట్లో వంపేశాను.

ఎదురింటి ముసలమ్మ చెయ్యెత్తి ఏదో అంది. నేనూ చెయ్యెత్తి నవ్వాను. నీళ్ళు ఎర్రమట్టిలో ఇంకుతుంటే చిటికెన వేలంత చేపపిల్ల ఒకటి ఎగిరెగిరి పడింది. ఓహో చేప, అనుకునే లోపల ఒక కోడి వచ్చి ముక్కున కరుచుకుని పరుగెత్తింది. దాని వెనక ఇంకో రెండు పరుగెత్తాయి. వెంకన్నా నేనూ నవ్వుకున్నాం. కుండ బోర్లించి ఫొటో తీసి గ్రూపులో పెట్టాను. ఇంకో నాలుగు ఇళ్ళు చూసుకుని మేము వాగు దాటుతుండగా పైఅధికారి నుంచి మెసేజ్ వచ్చింది, మారుమూల గుంపులో కూడా డ్రై డే చేశారని మెచ్చుకుంటూ.

నాలుగింటికి సమ్మక్క ఆరోగ్య కేంద్రానికి వచ్చింది. గుంపు మీదుగా వచ్చినట్టుంది, చీర మోకాళ్ళ దాకా తడిసి ఉంది. నా టేబుల్ దగ్గర నిలబడింది గానీ కూర్చోమన్నా కూర్చోలేదు.

"కోసి ఇంట్ల కుండ మీరే పారబోసిన్రా, సార్?"

అవును, పురుగుంది అన్నాను.

"గది నీళ్ళ కుండ కాదు సార్. దాంట్ల వాళ్ళ మాసడున్నడు."

నాకు అర్థం కాలేదు. ఆమె అక్కడే నిలబడి చెప్పుకొచ్చింది. మనిషి దూరాన చనిపోయి శవం దొరక్కపోతే, ఆ ఇంటి పద్ధతి ప్రకారం సొంత ఊరి వాగు దగ్గరికి పోతారు. నీళ్ళలో దిగి చనిపోయినవాణ్ణి పేరు పెట్టి పిలుస్తారు. పిలుపుకు చేతికి దొరికిన మొదటి ప్రాణి, చేప గానీ ఎండ్రకాయ గానీ, ఆ మనిషే. అదే వాగు నీళ్ళతో కొత్త కుండలో పెట్టి, దారిలో ఎక్కడా నేల మీద దించకుండా ఇంటికి తెస్తారు. వంశంవాళ్ళు వచ్చాక కార్యం చేసి ఇంటి పెద్దల్లో కలుపుతారు. అంతవరకు అతను తిరుగుతూనే ఉంటాడు, తల్లి ఇల్లు దొరకదు. తొమ్మిదేళ్ళు ఆ వాగు దాకా పోయే ధైర్యం ఎవరికీ లేకపోయింది. నేను సెలవులో ఉన్నప్పుడు కోసి అన్న, ఇంకొక బంధువు కలిసి పోయారు. అడవిలో ఐదు రోజులు ఆ కుండను చేతులు మార్చుకుంటూ నడిచి తెచ్చారు. నేను పారబోయడానికి రెండు రోజుల ముందు అది ఇంటికి చేరింది. ఆదివారం కార్యం.

కోడి గుర్తొచ్చింది. నవ్వింది గుర్తొచ్చింది. ముసలమ్మ చెయ్యెత్తింది ఎందుకో అప్పుడు తెలిసింది. టేబుల్ మీద ఫారం ఉంది, మూడో గడిలో నా చేతిరాతతో ఒకటి అంకె. సమ్మక్క నాకు నీళ్ళిచ్చింది. ఆ గ్లాసు పట్టుకోవడానికి కూడా భయం వేసింది.

వెంటనే గుంపుకు వెళ్ళాను. వద్దు సార్, ఇయ్యాల వద్దు అని సమ్మక్క చెప్పింది, వినలేదు. కోసి వాకిట్లో కూర్చుని ఉంది. నీళ్ళు ఇంకిన చోట తడిమట్టిని గీకి కుండలో వేసుకుంటోంది. అప్పటికే ఎక్కువ భాగం ఆరిపోయింది. ఆరిన మట్టి కూడా వేసుకుంటోంది. నన్ను చూసింది. కేకలు వేయలేదు. కొట్టినా బాగుండేది. మొదటిసారి చూసినప్పటిలాగా గోడ వైపు తిరిగింది.

ఉంగయ్య అరుగు మీద ఉన్నాడు. నేను చేతులు పట్టుకున్నాను. తెలియక చేశానన్నాను. ఎన్నిసార్లు అన్నానో.

"నువ్వు తెల్వక జేసినవ్ సారు. మాకు తెల్సు," అన్నాడు. "గని పోరనికి ఎట్ల చెప్పాలె?"

నేనే మీ ఊరి వాగు దాకా వస్తాను, నా చేత్తో మోసుకొస్తాను అన్నాను. ఆ మాట నిజంగానే అన్నాను. రాష్ట్రం దాటాలంటే అనుమతి కావాలి, అడగను, పోతే ఉద్యోగం పోనీ అనుకున్నాను. ఉంగయ్య నా వైపు కొంచెం జాలిగా చూశాడు. "నువ్వస్తె మమ్మల్ని ఎవరు బతకనిస్తరు? సర్కారోన్ని తోలుకొచ్చిన్రంటరు," అన్నాడు. నా పశ్చాత్తాపం కూడా వాళ్ళ ప్రాణం మీదికి తెచ్చేదే అని అంతవరకు నాకు తోచలేదు.

రెండు రోజుల తర్వాత కోసి వెళ్ళిపోయింది. తన అన్నను వెంటబెట్టుకుని, ఖాళీ కుండ తీసుకుని, తానే పిలుస్తానని బయలుదేరింది. నాకు సమ్మక్క చెప్పేసరికి ఒక రోజు దాటిపోయింది. దోమతెర తీసుకుపోలేదు. మాత్రలు లేవు. వానాకాలం మొదటి నెల, మెదడుకెక్కే మలేరియా ఎక్కువగా వచ్చే కాలం. వాగులు పొంగుతాయి. తుపాకుల సంగతి సరేసరి. అమ్మ పిలిస్తే తప్పక వస్తాడని ఎవరో అన్నారట.

ఆ రోజులు ఎలా గడిచాయో రాయడానికి పెద్దగా ఏమీ లేదు. పనిలో ఉన్నాను. అన్నం సహించలేదు. నెలవారీ సమీక్షా సమావేశంలో తెర మీద మంచి పనుల ఫొటోలు చూపించారు. నాలుగోది నాది. బోర్లించిన కొత్త కుండ, తడి వాకిలి, ఒక మూలన పరుగెత్తుతున్న కోడి. హాల్లో చప్పట్లు కొట్టారు. పక్కనున్నాయన నా భుజం తట్టాడు. లేచి జరిగింది చెప్పాలనుకున్నాను, చెప్పలేదు. భయపడ్డాను. చేసిన పాపం చెబితే పోతుందంటారు, నాకు అప్పుడు చెప్పే దమ్ము లేకపోయింది. టూర్ డైరీలో ఆ శుక్రవారం ఎదుట డ్రై డే నిర్వహించబడినది అన్న వాక్యమే ఇప్పటికీ ఉండి ఉంటుంది.

కోసి ఇరవై రెండో రోజున తిరిగి వచ్చింది. జ్వరంతో వచ్చింది. సమ్మక్క కబురు పెడితే కిట్లు, మాత్రలు పట్టుకుని పరుగెత్తాను. గడప దగ్గర ఆగాను. ఉంగయ్య లోపలికి రమ్మన్నా పోలేదు, ఆమెనే అడగమన్నాను. ఆమె లేచి బయటికి వచ్చి అరుగు మీద కూర్చుంది. చెయ్యి చాచి ముఖం పక్కకు తిప్పుకుంది. వేలు గుచ్చాను. పావుగంట గీత కోసం చూస్తూ కూర్చున్నాం. ఫాల్సిపారం, అంటే మనిషిని చంపే రకం. మొదటి రోజు మాత్రలు నా ఎదుటే మింగింది. కుండ అరుగు చివర ఉంది, బోర్లించి ఉంది.

అప్పుడామె సమ్మక్కతో ఏదో చెప్పింది. సమ్మక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేనడిగాక చెప్పింది.

"మూడు దినాలు నీళ్ళల్ల నిలబడి పిల్చిందట సార్. ఏదీ చేతికి రాలేదట. చేప రాలె, ఎండ్రకాయ రాలె."

ఎన్నో మరణాలు రిజిస్టర్లో రాశాను. కొన్ని నా చేతుల్లోనే జరిగాయి. కానీ ఆ మాట విన్నప్పుడు కలిగినంత దిగ్భ్రమ నాకు ఏ మరణం వల్లా కలగలేదు. తొమ్మిదేళ్ళ తర్వాత ఇంటికి చేరిన కొడుకును నేను నేలపాలు చేశాను, తల్లి ప్రాణాలకు తెగించి పోయి పిలిచినా ఇక అతను పలకడం లేదు. అది నమ్మకమా, మూఢనమ్మకమా అన్న చర్చ నాలో రాలేదు. మూడు రోజులు నడుము లోతు నీళ్ళలో నిలబడ్డ మనిషి నా ఎదురుగా వణుకుతోంది.

తర్వాతి వారం ఆమె జ్వరం తగ్గాక గుంపు పెద్దలు కూర్చున్నారు. దూరపు గుంపుల నుంచి వంశంవాళ్ళు కూడా ముగ్గురు నలుగురు వచ్చారు. నన్నూ రమ్మన్నారు. శిక్ష వేస్తారనుకుని వెళ్ళాను, ఏది వేసినా ఒప్పుకుందామనే వెళ్ళాను. చాలాసేపు వాళ్ళ భాషలో మాట్లాడుకున్నాక ఉంగయ్య నాకు తెలుగులో చెప్పాడు.

"మాసడు ఆడ లేడు సారు. ఆడ ఉంటె అమ్మ పిలిస్తె రాకుంటడా? నువ్వు పారబోసిన కాడనే దిగిండు. ఈడనే ఉన్నడు."

నీళ్ళు పడ్డ చోటే వాకిట్లో రాయి నిలబెట్టారు. ఆ రాయి ఎత్తడానికి నన్నూ ఒక చెయ్యి వేయమన్నారు, వేశాను. తమ చనిపోయినవాళ్ళ రాయి ఎక్కడుంటే అదే తమ ఊరు అని వాళ్ళ లెక్క. పదేళ్ళుగా ఆ గుంపుకు ఊరు అన్నది వాగు అవతల, అడవి అవతల ఎక్కడో ఉండేది. ఆ రోజుతో ఇక్కడికి వచ్చింది. ఇక లేచి పొమ్మన్నా పోవడం వాళ్ళకు కష్టం. ఉంగయ్య ఆ మాట నమ్మి చెప్పాడో, నన్ను గట్టెక్కించడానికి చెప్పాడో, భార్యను బతికించుకోవడానికి చెప్పాడో నాకు తెలియదు. అడగలేదు కూడా.

కార్యం అయ్యాక అందరూ భోజనాలకు లేచారు. కోసి రాయి పక్కనే కూర్చుని ఉంది. నేను దూరంగా నిలబడి ఉంటే చేత్తో పిలిచింది. వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. రెండేళ్ళ స్నేహంలో ఆమె నాతో తెలుగులో మాట్లాడింది ఆ ఒక్కసారే. ఎవరి దగ్గర నేర్చుకుందో, ఎన్ని రోజులు కూడబలుక్కుందో. నన్ను చూస్తూ నిదానంగా అంది:

"అడిగితె చెప్తుంటి గద, సారు."

తిట్టినట్టు అనలేదు. నాకు చెప్పవలసిన మాట అదొక్కటే అన్నట్టు చెప్పి, లేచి నాకు ఆకు వేయడానికి వెళ్ళింది.

ఆ తర్వాత నాకు నాలుగేళ్ళ సర్వీసు మిగిలింది. మనిషి లేకుండా గడప దాటకూడదన్న నియమం పరిచయం లేని ఇళ్ళ కోసం రాసిందని నేను అప్పటిదాకా అనుకునేవాణ్ణి. కొత్త ఇంట్లో ఎవరైనా సహజంగానే ఆగుతారు, అడుగుతారు. నేను ఆగనిది నన్ను బాగా నమ్మిన ఇంట్లోనే. వాళ్ళు నాకు అన్నం పెట్టారు కాబట్టి వాళ్ళ గురించి నాకు తెలుసనుకున్నాను. కొత్తగా చేరిన హెల్త్ అసిస్టెంట్లకు శిక్షణ ఇచ్చినప్పుడు ఈ సంగతి నా పేరుతో సహా చెప్పాను, సమావేశంలో చెప్పలేకపోయినది అక్కడ చెప్పాను. ఫారంలో మూడు గడులకు ముందు, ఈ పాత్ర దేనికోసం అని ఇంటివాళ్ళను అడిగారా అన్న గడి ఒకటి చేత్తో గీసి నింపమన్నాను. ఫారం మార్చే అధికారం నాకు లేదని ఒక మెమో వచ్చింది. అది నిజమే. గడి మాత్రం రిటైరయ్యే రోజు వరకు గీస్తూనే ఉన్నాను.